తెలిసీ ఎందుకు చెయ్యం?
హెల్త్ సైకాలజీ పాఠాలు చెప్పే మా ఆడపడుచుతో పన్నెండు రోజులు

"మీ ఆడపడుచు యూనివర్సిటీలో ఏం పాఠం చెబుతుందండీ?" అని ఎవరైనా అడిగితే నేను చాలాకాలం తడబడేదాన్ని. "సైకాలజీ" అనేసి ఊరుకునేదాన్ని. అంతే! "అమ్మో, అయితే మన మనసులో ఏముందో మొహం చూసి చెప్పేస్తుందన్నమాట" అనేవారు. పెళ్ళిళ్ళలో అయితే మరీను. ఒకావిడ ఏకంగా చెయ్యి చాపి కూర్చుంది, జాతకం చెప్పమన్నట్టు. ఇంకొకాయన షుగరు మాత్రల చీటీ తెచ్చి చూపించి "ఈ మందు మార్చమంటావా అమ్మా?" అని అడిగాడు. మా ఆడపడుచు నవ్వేసి "నేను ఆ డాక్టర్ని కాదు బాబాయ్ గారూ, పాఠాలు చెప్పే మేష్టర్ని" అంది.

మొన్నామధ్య మా అత్తగారికి కంటి శుక్లం ఆపరేషన్ చేయించడానికి హైదరాబాద్ వెళ్ళి మా ఆడపడుచు ఇంట్లో పన్నెండు రోజులున్నాను. ఆ పన్నెండు రోజుల్లో ఆమె ఉద్యోగం ఏమిటో నాకు కాస్త అర్థమయింది. దానికంటే ముఖ్యంగా నా సంగతి నాకు అర్థమయింది. నాలాంటి వాళ్ళు మీలో ఎంతమందో ఉంటారని ఇది రాస్తున్నాను. తన పేరూ, పనిచేసే చోటూ రాయొద్దని ఆమె షరతు పెట్టింది. అందుకని ఆ రెండూ వదిలేస్తున్నాను.

అసలేమిటీ చదువు?

డాక్టరుగారు జబ్బుని చూస్తారు. ఆ జబ్బు వచ్చిన మనిషి ఏమనుకుంటున్నాడు, ఎందుకు భయపడుతున్నాడు, పరీక్షకి రమ్మంటే ఎందుకు వాయిదా వేస్తున్నాడు, ఇచ్చిన మందు ఎందుకు మానేస్తున్నాడు, సిగరెట్ మానాలని ఉన్నా ఎందుకు మానలేకపోతున్నాడు అని వెతికేది హెల్త్ సైకాలజీ. అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం దీనికి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టింది 1978లో. అంటే చదువుల్లో ఇది చిన్నపిల్లే.

ఇప్పుడెందుకింత అవసరమొచ్చింది అంటారా? పూర్వం కలరా, మశూచి లాంటివి వచ్చేవి. వస్తే అటో ఇటో తేలిపోయేది. ఇప్పుడు షుగరు, బీపీ వచ్చి మనతోపాటు కాపురం పెడుతున్నాయి. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే లెక్క ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్ల మందికి పైనే. ఆ జబ్బులకి ఆస్పత్రిలో ఉండే వైద్యం తక్కువ, ఇంట్లో జరిగే వైద్యం ఎక్కువ. ఏం వండుతున్నాం, ఎంత నడుస్తున్నాం, మాత్ర వేసుకున్నామా లేదా... అంతా వంటింటి చుట్టూనే తిరుగుతుంది. అంటే ఈ శాస్త్రం మన గుమ్మంలోకే వచ్చింది!

తెల్లారకముందే మొదలు

యూనివర్సిటీ ఉద్యోగమంటే హాయి అని నేననుకునేదాన్ని. రోజుకి రెండు క్లాసులు, తరవాత ఇంటికొచ్చి పడుకోవడమే కదా అని. అక్కడికెళ్ళాక తెలిసింది. అయిదింటికి లేచి, కాఫీ పెట్టుకుని, భోజనాల బల్ల మీద పుస్తకాలు పరుచుకుని కూర్చునేది. ఒక గంట పాఠం చెప్పడానికి రెండు మూడు గంటలు చదువుకోవాలట. కొత్త పాఠమైతే ఇంకా ఎక్కువ. ఆ తరవాత పిల్లాడి డబ్బా, తన డబ్బా, కుక్కరు, స్నానం, పరుగు. అది మాత్రం మన ఇళ్ళలోలాగే!

మనం అలవాటుగా లెక్చరర్ అంటాం గానీ, యూనివర్సిటీలో ఇప్పుడా మొదటి మెట్టు ఉద్యోగాన్ని అసిస్టెంట్ ప్రొఫెసర్ అంటారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఆ మెట్టులో ఉన్నవాళ్ళు వారానికి 16 గంటలు పాఠాలు చెప్పాలి. మొత్తం పని వారానికి 40 గంటలకి తగ్గకూడదు. మిగతా గంటల్లో ఏం చేస్తారు అని నాకూ సందేహమే. ఒకరోజు తనతో రమ్మంది. మా అత్తగారిని అల్లుడికి అప్పజెప్పి, చుక్కల మందు వేళలు కాగితం మీద రాసిచ్చి, వెళ్ళాను.

మిఠాయి బిళ్ళల పాఠం

క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. ముప్పై మంది దాకా పిల్లలు. సగానికి పైగా ఆడపిల్లలే. ముందు ఒక ప్రశ్న అడిగింది. "రాత్రి కూడా పళ్ళు తోముకోవాలని తెలిసినవాళ్ళు చేతులెత్తండి." అందరూ ఎత్తారు. "నిన్న రాత్రి తోముకున్నవాళ్ళు?" చాలా చేతులు దిగిపోయాయి. నాది కూడా. తెలియడానికీ చెయ్యడానికీ మధ్య ఉన్న ఆ ఎడం గురించే ఈ సబ్జెక్టు అంది.

అంతకు ముందు వారం పిల్లలకి తలా ఒక డబ్బా నిండా పిప్పరమెంటు బిళ్ళలు ఇచ్చిందట. అవి మందులనుకుని వారం రోజులు, రోజుకి మూడుసార్లు, అన్నం తిన్నాక వేసుకోవాలి. వేసుకున్న టైము రాయాలి. ఆ రోజు లెక్క చెప్పించింది. ఒక్కటి కూడా తప్పకుండా వేసుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు! ఒకడు డబ్బా హాస్టల్లో మర్చిపోయి ఊరెళ్ళాడు. ఒకమ్మాయి బస్సులో నలుగురి మధ్య తియ్యడానికి సిగ్గుపడింది. ఇంకొకడు ఉదయం మర్చిపోయి రాత్రి రెండూ కలిపి వేసుకున్నాడు. ఒక మహానుభావుడు రూమ్మేట్లకి పంచిపెట్టాడు.

పిల్లలంతా పగలబడి నవ్వారు. అప్పుడామె అంది. "వయసులో ఉన్నారు, చదువుకున్నారు, బిళ్ళ తియ్యగా ఉంది, పైగా ఏడు రోజులే. మీకే ఇంత కష్టమైతే, చేదు మాత్ర బతికినన్నాళ్ళూ వేసుకోవాల్సిన అరవై ఏళ్ళ మనిషిని 'మాట వినడు, మొండివాడు' అని రాసేస్తామా?" క్లాసు సద్దుమణిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఇచ్చిన నివేదిక సంగతి చెప్పింది. బాగా డబ్బున్న దేశాల్లో కూడా దీర్ఘకాలం జబ్బులున్నవాళ్ళలో మందులు సరిగ్గా వాడేవాళ్ళు సుమారు సగం మందేనట!

తరవాత పాత కథ ఒకటి చెప్పింది. 1950ల్లో అమెరికాలో క్షయ ఉందో లేదో చూడడానికి ఎక్స్‌రే బళ్ళు పేటల్లోకే వచ్చి నిలబడేవట. అయినా రావాల్సినంత మంది రాలేదు. ఎందుకు రాలేదని వెతికితే మనుషుల మనసులో నాలుగు లెక్కలు ఉన్నాయని తేలింది. ఈ జబ్బు నాకు వస్తుందా? వస్తే అంత ప్రమాదమా? పరీక్ష చేయించుకుంటే లాభమేమిటి? అడ్డం వచ్చేవేమిటి? ఈ నాలుగింటికీ తోడు 'ఇప్పుడు వెళ్ళు' అని గుర్తుచేసేది ఏదో ఒకటి ఉండాలి. పక్కింటావిడకి జబ్బని తెలియడమో, ఒక కార్డు ముక్కో.

ఇది మనకి సంబంధం లేని కథ అనుకోకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్ష ఎప్పుడైనా ఒక్కసారి చేయించుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. 'నాకెందుకొస్తుంది', 'ఏం తేలుతుందో', 'పిల్లల పరీక్షలు అవనీ'... ఈ మాటలు మనవి కావూ?

ఒక్క మాట కోసం ఒక పూట

క్లాసయ్యాక తన గదికి వెళ్ళాం. చిన్న గది. బీరువా నిండా థీసిస్‌లు. కాసేపటికి పీహెచ్‌డీ చేస్తున్న ఇద్దరమ్మాయిలు వచ్చారు. షుగరు ఉన్న ఆడవాళ్ళని అడగడానికి ఇంగ్లీషు ప్రశ్నల పత్రాన్ని తెలుగులోకి మారుస్తున్నారు. ముందొకరు తెలుగు చెయ్యాలి. ఇంగ్లీషు పత్రం చూడని ఇంకొకరు దాన్ని మళ్ళీ ఇంగ్లీషు చెయ్యాలి. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి కలుస్తున్నాయా లేదా చూడాలి. ఒక్కో మాట దగ్గర ఒక పూట పడుతుందంటే నమ్ముతారా!

'ఎప్పుడూ', 'తరచుగా', 'అప్పుడప్పుడు', 'అరుదుగా' అని నాలుగు జవాబులు రాశారు. "వదినా, నువ్వు చెప్పు. 'ఎప్పుడైనా నీరసంగా ఉంటుందా' అని అడిగితే ఏమంటావు?" అంది. "ఎప్పుడూ ఉండదు" అన్నాను. "చూశారా! 'ఎప్పుడూ' అంటే రోజూ అని మనం రాసుకున్నాం. వదిన అదే మాట అసలు లేదనడానికి వాడింది" అంది. ఆ అమ్మాయిలు గబగబా రాసుకున్నారు. చివరికి 'రోజూ', 'వారంలో మూడు నాలుగు రోజులు', 'వారానికి ఒకసారి', 'అసలు లేదు' అని మార్చారు. ఇంటర్ చదివిన నా మాట పీహెచ్‌డీ కాగితంలోకి ఎక్కినందుకు నాకెంత గర్వమో!

ఇంకో చోట 'మీరు డిప్రెషన్‌తో ఉన్నారా' అని ఉంది. అలా అడిగితే ఎవరైనా ఔనంటారా? మన ఆడవాళ్ళు దిగులని కూడా చెప్పరు. 'ఒళ్ళంతా నొప్పులు', 'గుండె దడ', 'ఏం చెయ్యబుద్ధి కావడం లేదు', 'అన్నం సయించడం లేదు' అంటారు. ఆ మాటలతోనే అడగాలంది.

ఉప్పు దగ్గర నేనే కలగజేసుకున్నాను. 'మీరు రోజుకి ఎంత ఉప్పు తింటారు' అని రాశారు. "అమ్మాయ్, గరిటెతో కొలిచి ఎవరు తింటారు? ఉప్పు పొట్లం ఎన్నాళ్ళొస్తుందో అడుగు" అన్నాను. మా ఆడపడుచు కళ్ళు పెద్దవి చేసి, వెంటనే లెక్క కట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. నలుగురున్న ఇంట్లో రోజుకి 20 గ్రాములు. అంటే కిలో పొట్లం 50 రోజులు రావాలి. అదీ ఊరగాయలు, అప్పడాలు, బయటి తిళ్ళు కాకుండా. మా ఇంట్లో కిలో ఉప్పు నెలరోజులు కూడా రాదు. ఆ సంగతి అక్కడ చెప్పలేదు గానీ, మీతో దాపరికమెందుకు!

ఆస్పత్రి వరండాలో

మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని ఒక ఆస్పత్రికి వెళ్ళింది. ఊరికే వెళ్ళి అడిగేస్తే కుదరదు. ముందు నైతిక కమిటీ అని ఒకటుంటుంది. ఏం అడుగుతారు, ఎందుకడుగుతారు, అడిగితే ఆ మనిషికేమైనా ఇబ్బందా అని చూసి వాళ్ళు ఒప్పుకోవాలి. దానికే నెలలు పట్టిందట. ఆ తరవాత ప్రతి మనిషికీ చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. సంతకం రానివాళ్ళయితే సాక్షి ఎదురుగా వేలిముద్ర. ఇష్టం లేకపోతే మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు, అందువల్ల వైద్యం ఆగదు అని కూడా ముందే చెప్పాలి.

"నేనూ పక్కన కూర్చుంటా" అన్నాను. "వద్దొదినా, వాళ్ళు చెప్పేది నువ్వు వినకూడదు" అని నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. చిన్నబుచ్చుకున్నాను గానీ, ఆలోచిస్తే నిజమే కదా. నా సంగతులు పరాయివాళ్ళు వింటే నేనూరుకుంటానా?

బెంచీ మీద నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఇద్దరాడవాళ్ళు పక్కపక్కన కూర్చున్నాక మాటలు రాకుండా ఉంటాయా! షుగరు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటుందట. "అదేమిటమ్మా, డాక్టరుగారు రోజూ అన్నారు కదా" అన్నాను. "నెలకిచ్చిన మాత్రలు రెండు నెలలు రావాలి తల్లీ. ఇక్కడికి రావాలంటే ఒక రోజు కూలి పోద్ది, బస్సు కర్చు. కోడలికీ పని మానిపియ్యాల" అంది. నేనింకేం మాట్లాడలేకపోయాను. ఆవిడకి తెలియక కాదు. లెక్క చూసుకునే అలా చేస్తోంది.

ఆవిడ పేరూ ఊరూ చెప్పకుండా, ఈ సంగతి మాత్రం బస్సులో మా ఆడపడుచుకి చెప్పాను. "ఇలాంటి వాళ్ళకి మందుల గొప్పదనం మీద గంటసేపు ఉపన్యాసం ఇస్తే ఏం లాభం వదినా? రెండు నెలలకి సరిపడా ఒకేసారి ఇప్పించగలిగితే అదే వైద్యం. అడ్డం ఎక్కడుందో తెలుసుకోకుండా సలహా ఇవ్వకూడదు. మా పని సగం వినడమే" అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. 2003లో అచ్చయిన ఒక పరిశీలన ప్రకారం డాక్టరుగారు చెప్పిన దాంట్లో నూటికి 40 నుంచి 80 పాళ్ళు మనం అప్పటికప్పుడే మర్చిపోతామట. బయటికొచ్చి చెప్పులు వేసుకునేలోపే! అందుకని తన విద్యార్థులకి నేర్పేదేమిటంటే, రోగి చేత తిరిగి చెప్పించుకోవాలి. "అర్థమయిందా" అంటే అందరూ తలూపుతారు. "ఇంటికెళ్ళి మీవారికి ఎలా చెబుతారో ఒకసారి నాకు చెప్పండి" అంటే అసలు సంగతి తెలుస్తుంది.

చెప్పేవాళ్ళకీ కష్టాలుంటాయి

సాయంత్రం మళ్ళీ గదికి వస్తే ఒక అబ్బాయి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మార్కులు తక్కువొచ్చాయని వచ్చాడు గానీ, అసలు కష్టం ఇంటి దగ్గరుంది. అరగంట కూర్చోబెట్టి విని, యూనివర్సిటీలో ఉన్న కౌన్సెలర్ దగ్గరికి తనే తీసుకెళ్ళి అప్పజెప్పి వచ్చింది. "నువ్వే చెయ్యొచ్చు కదా" అంటే, "నేను వాడి పేపర్లు దిద్దేదాన్ని. నా దగ్గర మనసు విప్పి ఎలా చెబుతాడు? పైగా వైద్యం చెయ్యడం వేరే శిక్షణ. క్లినికల్ సైకాలజిస్టులకి దానికి ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ ఉండాలి. మందులు రాసేవాళ్ళు సైకియాట్రిస్టులు, వాళ్ళు ఎంబీబీయస్ చదివిన డాక్టర్లు. ఎవరి హద్దు వాళ్ళకుంది" అంది. మనం ఈ ముగ్గురినీ కలిపి 'పిచ్చి డాక్టరు' అనేస్తాం. తప్పు కాదూ?

ఆ రోజే ఒక పత్రికవాళ్ళు ఆమె రాసిన పరిశోధన వ్యాసం తిప్పి పంపారు. రెండేళ్ళ పని అది. రాత్రి భోజనాల దగ్గర ముభావంగా ఉంది. తరవాత జవాబు పత్రాల కట్ట ముందేసుకుని పదకొండింటి దాకా దిద్దింది. నేను డబ్బా కడుగుదామని చూస్తే మధ్యాహ్నం అన్నం అలాగే ఉంది. "ఊరందరికీ ఆరోగ్యం చెబుతావు, నువ్వు తినవే!" అన్నాను. "తెలుసొదినా" అంది. "తెలిసీ ఎందుకు చెయ్యలేదు మరి?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాటి నుంచి ఒంటిగంటకి గది తలుపు వేసుకుని పది నిమిషాలు తింటానని మాటిచ్చింది. నిలబెట్టుకుంటోందో లేదో ఫోను చేసినప్పుడల్లా అడుగుతున్నాను.

నా మాత్రల అట్ట

ఇక నా సంగతికి వస్తాను. నాకు బీపీ ఉందని తేలి ఏడాది దాటింది. మొదటిసారి చూసినప్పుడు 150/96. డాక్టరుగారు రోజుకొక మాత్ర రాశారు. రెండు నెలలు వేసుకున్నాను. ఏ బాధా లేదు, బాగానే ఉన్నాను కదా అని మెల్లగా మానేశాను. తల నొప్పెడితేనో, మొహం వేడెక్కినట్టుంటేనో ఒకటి వేసుకునేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళిన పదోరోజున నా సంచీలో అత్తగారి చుక్కల మందు వెతుకుతుంటే ఆ మాత్రల అట్ట మా ఆడపడుచు కంటబడింది. పదింట్లో ఎనిమిది అలాగే ఉన్నాయి. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పక్కన కూర్చుని "వదినా, ఇవి వేసుకోవడానికి నీకు అడ్డం ఏమొస్తోంది?" అని అడిగింది. ఏడాదిలో నన్నెవరూ అడగని ప్రశ్న అది! నేనే నన్ను అడగలేదు.

"బీపీ పెరిగితే నాకు తెలుస్తుందిగా" అన్నాను. అప్పుడామె చెప్పింది. 1985లో అమెరికాలో బీపీ ఉన్నవాళ్ళ మీద వచ్చిన ఒక పరిశోధనలో, 'బీపీ పెరిగిందో లేదో మనిషికి తెలియదు' అని చాలామంది ఒప్పుకున్నారు. ఒప్పుకుని కూడా 'నాకు మాత్రం తెలుస్తుంది, తలనొప్పి వస్తుంది, మొహం వేడెక్కుతుంది' అన్నారట. అచ్చం నా మాటలే! నిజానికి బీపీ చాలామందిలో చప్పుడు చెయ్యకుండా పెరుగుతుంది. మిషను పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఆ సాయంత్రమే చూస్తే నాకు 158/98 ఉంది. ఆ రోజు తలనొప్పి లేదు, ఏమీ లేదు.

అప్పుడు గోడ మీద నేను అంటించిన కాగితం చూపించింది. మా అత్తగారి చుక్కల మందు పట్టిక. రోజుకి ఆరుసార్లు. పది రోజుల్లో ఒక్క గడి ఖాళీగా లేదు. "అమ్మకి రోజుకి ఆరుసార్లు గుర్తుంది. నీకు ఒక్కసారి గుర్తులేదా వదినా? నీకు మతిమరుపు లేదు. నీ పేరు జాబితాలో లేదు, అంతే" అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. 'తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం' అని మా అమ్మ అనేది. విన్నాను గానీ నాకని ఎప్పుడనుకున్నాను?

ఇంకో సంగతి విన్నాక నా గుండె ఝల్లుమంది. 1995లో అమెరికాలో, మతిమరుపు జబ్బు వచ్చిన ఇంటివాళ్ళకి సేవ చేసే 13 మంది ఆడవాళ్ళనీ, అదే వయసులో ఉండి ఆ బరువు లేని 13 మందినీ తీసుకుని, చేతి మీద అందరికీ ఒకేలాంటి చిన్న గాయం చేసి చూశారట. సేవ చేసేవాళ్ళ గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మనసు మీది బరువు చర్మం దాకా వెళ్తుందన్నమాట. 'మాకేంలే' అని మనం ఊరుకుంటాం గానీ, ఒళ్ళు ఊరుకోదు!

మీరూ చేసి చూడండి

మర్నాడే అక్కడి డాక్టరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేశాను, మానేశానని. ఆయన పరీక్షలు చేసి, పొద్దున్న పూట వేసుకునేలా మళ్ళీ మొదలుపెట్టించారు. ఆ తరవాత మా ఆడపడుచు చెప్పిన పద్ధతి ఇది. ఖర్చు లేదు.

1. కొత్త పనిని పాత పనికి ముడెయ్యాలి. 'రోజూ వేసుకుంటాను' అనుకుంటే నిలవదు. 'ఫలానా పని అవగానే, ఫలానా చోట' అనుకోవాలి. నేను కాఫీ ఫిల్టరు పక్కన చిన్న స్టీలు డబ్బా పెట్టాను. డికాషన్ దిగగానే, కాఫీ కలిపే ముందు మాత్ర. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే డబ్బా వాళ్ళకి అందనంత ఎత్తులో ఉండాలి.

2. వారం రోజుల గడులున్న ప్లాస్టిక్ డబ్బా మందుల షాపులో దొరుకుతుంది. వేసుకున్నానా లేదా అన్న అనుమానం ఉండదు. అయితే కొన్ని మాత్రలు అట్టలోంచి తియ్యకూడదు. షాపులో అడిగి పెట్టుకోండి.

3. అలవాటు కావడానికి వ్యవధి ఇవ్వాలి. లండన్‌లో 96 మంది మీద జరిగి 2010లో అచ్చయిన పరిశోధనలో, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. కాబట్టి 'తప్పింది, ఇక నా వల్ల కాదు' అని వదిలెయ్యకండి. అలాగని తప్పినదాన్ని కలిపి రెండు మాత్రలు ఒకేసారి వేసుకోకండి. ఏం చెయ్యాలో డాక్టర్ని ముందే అడిగి ఉంచుకోండి.

4. ఇంట్లో మందుల పట్టిక ఉంటే అందులో మీ పేరు కూడా రాయండి. నా పేరు ఇప్పుడు అందరికంటే పైన ఉంది.

5. ఆస్పత్రి నుంచి వచ్చే ముందు, విన్నది డాక్టరుగారికి తిరిగి చెప్పి 'ఇంతేనా అండీ' అని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

6. ఇంట్లో ఎవరైనా మందు మానేస్తే 'ఎందుకు మానేశావు' అని గద్దించకండి. 'అడ్డం ఏమొస్తోంది' అని అడగండి. మావారిని సిగరెట్ గురించి ఇరవై ఏళ్ళు గద్దించాను, మానలేదు. మొన్న ఇలా అడిగితే మొదటిసారి పది నిమిషాలు మాట్లాడారు. మానతారో లేదో చూడాలి.

దిగులు, నిద్ర పట్టకపోవడం లాంటివి వారాల తరబడి వదలకపోతే దాచుకోకండి. 2022 అక్టోబర్‌లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే ఫోను సాయం ఉంది. నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ అమ్మాయి చదువుతానంటే

మా పక్కింటి పిల్ల ఇంటర్ చదువుతోంది. ఈ కబుర్లన్నీ విని "పిన్నీ, నేనూ ఇదే చదువుతా" అంటోంది. అలాంటి పిల్లలు మీ ఇంట్లోనూ ఉండొచ్చు కాబట్టి చెబుతున్నాను. మామూలు దారి డిగ్రీలో సైకాలజీ, ఆ తరవాత పీజీ. యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలంటే నెట్ పరీక్షో, పీహెచ్‌డీయో కావాలి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీకి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. ఇంటర్ అయినవాళ్ళు చేరే అయిదేళ్ళ కోర్సు అక్కడ పెట్టారు. సీట్లు, అర్హతలు ఏటా ప్రకటనలో చూసుకోవాలి. అయితే ఈ చదువుకి మార్కులతోపాటు ఇంకొకటి కావాలంటుంది మా ఆడపడుచు. ఎదుటివాళ్ళు చెప్పేది మధ్యలో అడ్డురాకుండా వినగలిగే ఓపిక.

నేను ఊరికి వచ్చి ఇవాళ్టికి నలభై మూడు రోజులు. రెండు రోజులు తప్పాయి. ఒకటి మా మరిది కూతురి నిశ్చితార్థం రోజు, ఇంకొకటి కరెంటు పోయి పొద్దున్నే మోటారు తిరగని రోజు. మిగతా నలభై ఒక్క రోజులూ డికాషన్ దిగగానే మాత్ర పడింది. కిందటి వారం చూపిస్తే 134/84 ఉంది. డాక్టరుగారు "మానకండి" అన్నారు. కిలో ఉప్పు పొట్లం మీద తెరిచిన తారీఖు కూడా రాసి పెట్టాను. యాభై రోజులు వస్తుందో లేదో చూడాలి.

ఇది చదివాక లేచి మీ మందుల డబ్బా ఒక్కసారి తెరిచి చూడండి. అందులో మీ మాత్రలు ఎన్ని మిగిలున్నాయి?